లోర్నా నాతోనే

నూగు పట్టీలు తడిమి చూడటంతో నా రోజు మొదలవుతుంది. కొండ ఎక్కేటప్పుడు స్కీలు వెనక్కి జారిపోకుండా అడుగున అంటించుకునే పట్టీలవి. ఒక వైపు నూగు, రెండో వైపు జిగురు. సాయంత్రానికి తడిసి ముద్దయి వస్తాయి. పొయ్యి పైన తాడు కట్టి వాటిని ఆరేస్తాను. మరీ కిందికి వేలాడితే జిగురు కరుగుతుంది, మరీ పైకి కడితే తడి ఆరదు. మనిషికి రెండు చొప్పున ఐదుగురికి పది ఉండాలి. ఆ ఉదయం తాడు మీద ఎనిమిదే ఉన్నాయి. మిగిలిన రెండూ ఏటా మా దగ్గరికి స్కీయింగ్‌కి వచ్చే డాక్టర్ కర్టిస్ బూట్ల కింద చుట్టలుగా పడి ఉన్నాయి, జిగురు నిండా కట్టెల పొట్టు. "నావి నేను చూసుకుంటాలెండి" అని ముందురోజు సాయంత్రం ఆయనే అన్నాడు. పిచ్చిదాన్ని, సంతోషించాను కూడా. పొయ్యి ముందు కూర్చుని ఆ పొట్టుని గోళ్ళతో గీకుతూ, ఈయన ఊళ్ళో పేరున్న పళ్ళ డాక్టరు కదా, ఇంట్లో ఈయన తడి తువ్వాలు ఎవరు తీస్తారో అనుకున్నాను. తీసే ఆవిడ, ఆయన భార్య నోరీన్, పక్క గదిలో నిద్రపోతోంది.

తర్వాత బయటికి వెళ్ళి మంచులో కర్ర దింపి చూడాలి. వసంతంలో మా సెల్కిర్క్ కొండల మీద అందరి ప్రాణాలూ ఈ కర్ర చెప్పేదాని మీదే ఆధారపడి ఉంటాయి. రాత్రి ఆకాశం తెరిపిగా ఉంటే మంచు గడ్డకట్టి గట్టిపడుతుంది. పొద్దున ఎండకి పైన ఒక్క అంగుళం మెత్తబడుతుంది. అప్పుడు దాని మీద జారడమంత సుఖం నాకు ఇంకోటి తెలీదు. ఆ సుఖం ఉండేది గంటన్నర. ఆ తర్వాత ఎండ లోపలికి దిగి, మంచు నీరుపట్టి, వాలుకి వాలే ఊడి కిందికి వచ్చేస్తుంది. రాత్రి మబ్బు పట్టిందంటే అసలు గట్టిపడదు. ఆ ఉదయం కర్ర పైపెంకుని పటుక్కున దాటి మోచేతి లోతుకి దిగిపోయింది. నోటు పుస్తకంలో రాశాను. 'రాత్రంతా మబ్బు. పెంకు రెండు వేళ్ళ మందం. కింద మెత్తన. తూర్పు వాలు పదింటికల్లా దిగాలి. ఆలస్యమైతే వద్దు.' ఆ చివరి మాట కింద గీత గీశాను. చేతి తొడుగు తీసి మరీ గీశాను.

ఆరింటికి చుట్టుపక్కల క్యాబిన్ల వాళ్ళంతా రేడియోలో మంచు సంగతి చెప్పుకుంటారు. మా క్యాబిన్ తరఫున చెప్పేది నా భర్త గ్రాంట్. ఈ క్యాబిన్ వాళ్ళ నాన్న కట్టింది, ఈ కొండల్లో గైడు అంటే ముందు గ్రాంట్ పేరే చెప్తారు. కాఫీ తాగుతూ నా పుస్తకం ముందు పెట్టుకుని, "నేను పొద్దున చూసినదాన్నిబట్టి పెంకు పర్లేదు" అన్నాడు. చివరి వాక్యం చదవలేదు. జావ కలుపుతున్న నేను వెనక్కి తిరిగాను, అంతే, మళ్ళీ జావ వైపు తిరిగాను. ఏమని అడగను? ఇరవై మూడేళ్ళుగా ఆయన 'నేను చూసిన' మంచు అంతా నేను చూసిందే. మంచు చదవడం నేర్పే తరగతులకి ఇద్దరం ఒకే ఏడాది వెళ్ళాం, పరీక్షలో నాకే ఎక్కువ మార్కులొచ్చాయి. గైడు పరీక్ష నాటికి మా అమ్మాయి టెస్ కడుపులో ఉంది. "ఇద్దరం ఎందుకు, ఒకళ్ళకి కాగితం ఉంటే చాలదా, మనం ఒకటే కదా" అన్నాడు గ్రాంట్. ఎంత ప్రేమగా అన్నాడో ఇప్పటికీ గుర్తుంది. ఆ మాటకి ఆ రోజు నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. ఇప్పుడూ తిరుగుతున్నాయి, కారణమే వేరు.

జావ, వేయించిన మాంసం, రొట్టె, ఐదుగురికి ఐదు ఫ్లాస్కులు, డాక్టరుగారికి విడిగా పాలు లేని కాఫీ. "మీ ఆవిడ చేతి రొట్టె కోసమైనా రావాలి గ్రాంట్" అని కర్టిస్ ఏటా అనే మాట ఈసారీ అన్నాడు. నా చేతి రొట్టె నా ముందే ఉంది, నేనూ ముందే ఉన్నాను, మెప్పు మాత్రం గ్రాంట్‌కి చేరింది.

బయల్దేరే ముందు అందరం ఒంటికి బీకన్ కట్టుకుంటాం. మంచు కింద పడిపోతే ఎక్కడున్నామో తెలిపే చిన్న పెట్టె అది. గైడు ఒక పక్కన నిలబడతాడు, ఒక్కొక్కరే ఆయన ముందు నుంచి నడిచి వెళ్ళాలి, పెట్టె పలుకుతుంది, ఆయన లెక్కపెట్టుకుంటాడు. నోరీన్ నడిచింది, కర్టిస్ నడిచాడు, మా టెస్ నడిచింది. పందొమ్మిదేళ్ళ పిల్ల, కాలేజీకి సెలవులిచ్చారని ఈసారి మాతో వచ్చింది. "ముగ్గురు, నాతో నలుగురు. పదండి" అన్నాడు గ్రాంట్. నేను తలుపు గడియ పెడుతున్నాను. "ఐదుగురం" అన్నాను. "నువ్వు నాతోనే కదా" అని నవ్వాడు. టెస్ కూడా నవ్వింది. నేను ఆయన ముందు నుంచి నడిచాను, నా పెట్టె కూడా పలికింది, కానీ అప్పటికి ఆయన వీపు తిప్పేశాడు.

మా క్యాబిన్‌లో తలుపు పక్క గోడకి కొట్టిన చెక్క మీద చెక్కిన మాట ఒకటుంది. మా మామగారు చెక్కారు. 'ఒక్కరు వద్దంటే అందరం వెనక్కి.' మంచు కొండల్లో తిరిగేవాళ్ళందరిదీ ఈ పద్ధతే. ప్రమాదమున్న ప్రతి వాలు దగ్గరా గైడు ఆగి, అందరికంటే అనుభవం తక్కువ వాళ్ళతో మొదలుపెట్టి ఒక్కొక్కరినీ పేరు పెట్టి అడగాలి. ఒక్క 'వద్దు' వినపడితే చాలు. కారణం అడగకూడదు, మొహం ముడుచుకోకూడదు. నాలుగేళ్ళ క్రితం ఒక బ్యాంకు మేనేజరు, రాత్రి పీడకల వచ్చింది, వద్దన్నాడు. తెరిపి ఆకాశం, రాయిలాంటి మంచు, అయినా అందరం తిరిగొచ్చేశాం. గ్రాంట్ ఆయన భుజం తట్టి, "చెప్పడానికి ధైర్యం కావాలి" అన్నాడు. నేను ఆయనకి వేడి సూపు కలిపిచ్చాను. ఈ ఇరవై మూడేళ్ళలో నన్ను మాత్రం ఎప్పుడూ అడగలేదు. అడిగే వంతు నా దాకా వచ్చేసరికి, "లోర్నా నాతోనే" అనేవాడు. దాంతో అయిపోయేది. మా అత్తగారు వెర్నా అంట్లు తుడుస్తూ ఒకసారి నాతో గర్వంగా చెప్పింది, "నలభై ఏళ్ళు ఆయన వెనక నడిచానమ్మా, ఒక్కసారి కూడా దారి చూడాల్సిన పని పడలేదు, ఆయన వీపు చూస్తే చాలు" అని. అప్పుడు నేను తుడిచిన పళ్ళేన్నే మళ్ళీ తుడుస్తూ ఉండిపోయాను.

శిఖరాల మధ్య గట్టు ఎక్కుతుంటే మనసు కుదురుగా లేదు. నేనెప్పుడూ అందరికంటే వెనక నడుస్తాను, ఎందుకంటే సంచీ నాది. విరిగినవి అతికించే టేపు, తీగ, మందులు, పొయ్యి, దుప్పటి, ఎవరైనా మర్చిపోతారని అదనంగా నాలుగు జతల చేతి తొడుగులు. పదిహేను కిలోలు. ముందు గ్రాంట్, ఆ వెనక టెస్, వాళ్ళ మాటలు గాలికి ముక్కలుగా వినిపిస్తున్నాయి. తొమ్మిదింటికి మబ్బు విడిపోయి ఎండ కాసింది. అందరూ హాయిగా కోట్లు విప్పారు. నేను మాత్రం గడియారం చూసుకున్నాను. అరగంటకి కర్టిస్ కుడి స్కీ పట్టీ ఊడిపోయింది, పొట్టు ఎంత గీకినా జిగురు పట్టదని నాకు తెలుసు. మంచులో మోకాళ్ళ మీద కూర్చుని చేతి తొడుగులు తీసి టేపు చుట్టాను. పావుగంట నడిచాక ఎడమది. మళ్ళీ చుట్టాను. ఈలోగా గ్రాంట్ వాళ్ళకి తన కుర్రతనంలో ఎలుగుబంటిని చూసిన కథ చెప్పాడు. అది చెప్పడానికి ఎప్పుడూ ఇరవై నిమిషాలు పడుతుంది, ఏ ఏటికాయేడు ఎలుగుబంటి పెరుగుతోంది. "టైమవుతోంది గ్రాంట్" అన్నాను. "లోర్నా వంటింట్లో గడియారం ఇక్కడికి కూడా తెచ్చుకుంటుంది" అన్నాడు, అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. అలా నవ్వినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

తూర్పు వాలు మొదలయ్యే చోటికి చేరేసరికి పదకొండుంపావు. గట్టు అంచున గాలి పేర్చిన మంచు ఇంటి చూరులా ముందుకి వేలాడుతోంది, దాని చివర్ల నుంచి నీళ్ళు కారుతున్నాయి. కింద వాలంతా తెల్లగా, నున్నగా, చూస్తే జారాలనిపించేలా ఉంది. దాని మీద అక్కడక్కడా ఎవరూ తాకకుండానే చిన్న చిన్న మంచు ఉండలు పుట్టి, దొర్లి, పెద్దవై ఆగుతున్నాయి. కర్ర దింపాను. పిడి దాకా పోయింది.

పదకొండేళ్ళ క్రితం ఇదే చోట, ఇలాంటి ఎండలోనే, నా నోట్లో 'వద్దు' అనే మాట తిరిగింది. అప్పుడు మింగేశాను. అందరూ దిగారు, ఆఖర్న నేను దిగాను, అడుగడుగునా ఊళ్ళో పక్కింటావిడ దగ్గర వదిలొచ్చిన టెస్ గుర్తొచ్చింది. ఏమీ జరగలేదు. ఏమీ జరగలేదు కాబట్టి గ్రాంట్ అంచనా గొప్పదయింది. నా భయం మాత్రం నా కడుపులోనే ఉండిపోయింది. ఇన్నేళ్ళూ నేను అతని వెనక దిగిన ప్రతి వాలూ అతని లెక్కలోకే వెళ్ళింది.

గ్రాంట్ ఆగి, పద్ధతి ప్రకారం మొదలుపెట్టాడు. "నోరీన్?" ఆవిడ వాలు వైపు చూసింది, తర్వాత మొగుడి వైపు చూసింది. "ఆయన ఎలా అంటే అలాగే" అంది. గ్రాంట్ దాన్ని సరే కింద లెక్కేసుకున్నాడు. కర్టిస్ అడక్కముందే బొటనవేలు పైకెత్తాడు. "టెస్?"

నా కూతురు మంచు వైపు చూడలేదు. నాన్న మొహం చూసింది. ఆ మొహంలో ఆయనకేం కావాలో చదువుకుంది, చదువుకుని నవ్వి, "సరే నాన్నా" అంది. నాకు తెలిసిన నవ్వే అది. ఆ నవ్వుని టెస్ ఎవరి దగ్గర నేర్చుకుందో కూడా నాకు తెలుసు. పందొమ్మిదేళ్ళు నా పక్కన కూర్చుని, నా వెనక నిలబడి, రోజూ చూసి నేర్చుకుంది.  

"లోర్నా నాతోనే. సరే, పట్టీలు తీయండి" అన్నాడు గ్రాంట్.

"వద్దు" అన్నాను.

గ్రాంట్ వంగి స్కీ అడుగున పట్టీ ఊడదీస్తున్నాడు. "అలిసిపోయావా? రెండు నిమిషాలు కూర్చో."

"అలిసిపోలేదు. ఈ వాలు నేను వద్దంటున్నాను."

అప్పుడు తలెత్తాడు. కోపం లేదు అతని మొహంలో. నిజమైన ఆశ్చర్యం. కోపమైనా నేను తట్టుకునేదాన్ని.

"నిన్ను అడగలేదు కదా" అన్నాడు.

"తెలుసు. ఇరవై మూడేళ్ళుగా అడగలేదు. ఇప్పుడు నేనే చెప్తున్నా."

"కారణమేంటి?"

కారణాలన్నీ నా నాలుక చివర ఉన్నాయి. పుస్తకంలో గీత గీసిన వాక్యం, గంటంపావు ఆలస్యం, దొర్లుతున్న ఉండలు, పిడి దాకా దిగిన కర్ర. చెప్పబోయి ఆగిపోయాను. పీడకల వచ్చిన బ్యాంకు మేనేజరుని ఎవరూ రుజువులు అడగలేదు.

"మీ నాన్న చెక్కినదాంట్లో కారణం అడగమని లేదు గ్రాంట్."

 చూరు నుంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. కర్టిస్ చేతి గడియారం చూసుకుని, దీనికోసం ఏడాదంతా ఎదురుచూశానని గొణిగాడు. గ్రాంట్ ఊడదీసిన పట్టీని మళ్ళీ అంటించుకున్నాడు. అందరి ముందూ వాళ్ళ నాన్న పద్ధతిని కాదనలేడు. నేను ఆ సంగతి లెక్కలో పెట్టుకునే మాట్లాడాను, అబద్ధమెందుకు.

వచ్చిన గట్టు మీదే తిరిగి రావడానికి మూడు గంటలు పట్టింది, మధ్యలో రాళ్ళు తేలిన చోటల్లా స్కీలు భుజాన వేసుకుని నడిచాం. గ్రాంట్ ఒక్కసారి వెనక్కి చూడలేదు. టెస్ నా కోసం ఆగింది. ఓదార్చడానికి అనుకున్నాను.

"అందరి ముందూ నాన్నని అలా చిన్నబుచ్చాలా అమ్మా? పక్కకి పిలిచి చెప్పొచ్చు కదా" అంది.

"పక్కకి పిలిచి చెప్పినవన్నీ ఏమయ్యాయో నీకు తెలీదు" అన్నాను. "నువ్వు ఆ వాలు ఎందుకు సరే అన్నావు?"

"నాన్న వెళ్తున్నాడు కదా."

"మంచు చూశావా?"

 అది విసురుగా ముందుకి వెళ్ళిపోయింది. దాని వీపు చూస్తూ నడిచాను. తప్పు చేశానా, తొందరపడ్డానా, నోరు మూసుకుని ఉంటే ఈపాటికి అందరం కింద నవ్వుకుంటూ రొట్టె తినేవాళ్ళమా? అడుగుకోసారి మనసు మార్చుకున్నాను. రాళ్ళ దగ్గర నోరీన్‌కి చెయ్యి అందించాను. ఆవిడ నా చెయ్యి వదలకుండా, మొగుడు వినకుండా గొంతు తగ్గించి, "నాకూ వద్దనే ఉందండి. కానీ వద్దంటే వారం రోజులు మాట్లాడడు" అంది. ఆవిడ చెయ్యి చల్లగా ఉంది. నా సంచీలోంచి ఒక జత తొడుగులు తీసిచ్చాను.

క్యాబిన్ కిటికీలోంచి ఆ వాలు సగం కనిపిస్తుంది. సూపు కలుపుతూ చూశాను, గిన్నెలు కడుగుతూ చూశాను. కూలితే బాగుండు అనుకున్నాను. ఇది ఎవరితోనూ చెప్పలేని మాట, కానీ ఉన్నమాట. ఆ వాలు ఒక్కసారి ఊడి, గర్జించి, లోయలోకి దూకితే, గ్రాంట్ కప్పు కింద పెట్టి నా వైపు చూస్తాడు, కర్టిస్ నోరు తెరుచుకుంటాడు, టెస్ వచ్చి నన్ను పట్టుకుంటుంది. మూడింటికి కూలలేదు. నాలుగింటికి కూలలేదు. ఐదింటికి నీడ పాకి వాలంతా నీలంగా మారింది, మళ్ళీ గట్టిపడటం మొదలైంది. ఆ నీలం చూస్తూ నేను గిన్నె చేతిలో పట్టుకుని నిలబడిపోయాను. ఇన్నేళ్ళూ నా మాటకి ఎవరో ఒకరు సాక్ష్యం చెప్పాలని చూశాను. ఇప్పుడు కొండని బతిమాలుతున్నాను. కొండకి నాతో ఏం పని? అది కూలినా కూలకపోయినా పొద్దున నేను చూసింది నేను చూశాను. ఆ మంచు చదవడం నాకు వచ్చు. గిన్నె కింద పెట్టేశాను.

గ్రాంట్ నా వెనక నిలబడి కిటికీలోంచి చూశాడు. "చూశావా, గుప్పెడు మంచు కూడా జారలేదు" అన్నాడు. గొంతులో ఎత్తిపొడుపు ఉంది, కొంచెం బేలతనం కూడా ఉంది. ఇరవై మూడేళ్ళుగా కలిసి బతికిన మనిషి, ఆ బేలతనం నాకు తెలీకుండా ఎలా ఉంటుంది? ఆ క్షణంలో జాలిపడి, పోనీలే, నాదే తప్పు అనేయబోయాను. నోటి దాకా వచ్చింది. అలవాటు అంత బలమైనది.

"జారలేదు" అన్నాను. 

తలుపు దగ్గర పది పట్టీలూ తడి కుప్పగా పడి ఉన్నాయి. వాటిలోంచి నావి రెండు వెతికి తీసి, తాడు మీద ఆరేసుకుని, వచ్చి కూర్చుని టీ పోసుకున్నాను. నలుగురూ తాడు వైపు చూశారు. కర్టిస్ కుప్ప వైపు చూసి, నోరీన్ వైపు చూశాడు. నోరీన్ మొహం తిప్పి కిటికీ వైపు చూస్తూ కూర్చుంది.

"మిగతావి?" అన్నాడు గ్రాంట్.

"ఎవరివి వాళ్ళు ఆరేసుకోండి. పొయ్యికి జానెడు పైన, జిగురు వైపు తగలకుండా."

 టెస్ లేచింది. నా వైపు చూడలేదు, కోపం ఇంకా తగ్గలేదు. తనవి రెండు తీసుకుని తాడు దగ్గర నిలబడి, ఎంత ఎత్తులో కట్టాలో తెలీక అటూ ఇటూ జరుపుతూ, చివరికి నా పట్టీల పక్కనే వేసింది. వేసి, గోడ మీద తాతయ్య చెక్కిన మాట దగ్గర కాసేపు ఆగింది.

నేను నోటు పుస్తకం తీసి నా సంచీలో పెట్టుకున్నాను. పొద్దున అందరం ఉత్తరపు గట్టు మీదుగా కిందికి దిగాలి. దారిలో అడిగి తీరాల్సిన వాలులు మూడున్నాయి.

"రేపు ముందు నేను నడుస్తాను" అన్నాను.

గ్రాంట్ నవ్వబోయి ఆగాడు. "డాక్టర్ వాళ్ళు నన్ను నమ్మి వచ్చారు లోర్నా. కాగితం నా పేరు మీద ఉంది."

"కాగితం నీ దగ్గరే ఉండనీ. మంచు పుస్తకం నా దగ్గరుంది. వెనక సంచీ నువ్వు తీసుకో, పదిహేను కిలోలు, నడుం పట్టీ బిగించి కట్టుకో. ప్రతి వాలు దగ్గరా ఆగి ఒక్కొక్కరినీ అడుగుతాను. నోరీన్‌ని అడిగినప్పుడు నోరీనే చెప్పాలి. టెస్‌ని అడిగినప్పుడు అది మంచు చూసి చెప్పాలి." టీ చల్లారిపోయింది, అయినా తాగేశాను. "నిన్ను కూడా విడిగా అడుగుతాను గ్రాంట్. నువ్వు నాతోనే అనుకోను."